వంటిల్లు పడగొట్టే ముందు...

లేపాక్షి వెళ్లినవాళ్లకు అక్కడివాళ్లు రెండు కథలు తప్పకుండా చెబుతారు. మొదటిది ఏడు పడగల నాగలింగం కథ. శిల్పులు అన్నానికి వచ్చేసరికి తల్లి వంట ఇంకా కాలేదట. ఊరికే కూర్చోవడం ఎందుకని, ఆ వంట అయ్యేలోపు ఎదురుగా ఉన్న బండను నాగేంద్రుడిగా చెక్కేశారట! రెండోది గుడి వెనకాల సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం కథ. అచ్యుతదేవరాయల కాలంలో కోశాధికారి విరుపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడనీ, రాజుకు లెక్క చెప్పలేక తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడనీ అంటారు. ఆ గోడ మీద ఎర్రటి మచ్చలు కూడా చూపిస్తారు. కథల్లో నిజమెంతో గానీ, పైకప్పు లేకుండా నిలబడిన ఆ స్తంభాలు మాత్రం మన కళ్లముందే ఉన్నాయి.

లేపాక్షి 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. కానీ ఆ రెండు కథలూ అనంతపురం సీమలో ఇల్లు బాగుచేయించుకునే ప్రతి ఒక్కరికీ సొంతమే. ఎందుకంటే, మొదటిది పని ఒప్పుకునేటప్పుడు మేస్త్రీ చెప్పే మాట. రెండోది ఆ తర్వాత జరిగే సంగతి!

సామెతలో లేని కష్టం

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. 'ఉన్న ఇంట్లో కాపురముంటూ వంటిల్లు పడగొట్టి చూడు' అనలేదు. బహుశా అప్పట్లో ఎవరూ అంత సాహసం చేసి ఉండరు. కొత్త ఇల్లయితే పని ఆలస్యమైనా పాత ఇంట్లో ఉండొచ్చు. వంటిల్లు అలా కాదు. గోడ మీద మొదటి సుత్తిదెబ్బ పడిన పూట నుంచే ఇంటిల్లిపాది అన్నం గురించి ఆలోచించాలి.

మా అమ్మావాళ్లది అనంతపురంలో పాత ఇల్లు. వంటింట్లో తాడిపత్రి బండల గట్టు, గోడలో అదే రాతి అరలు. గట్టు మరీ పొట్టి. ముప్ఫై ఏళ్లు దాని ముందు వంగీ వంగీ అమ్మకు నడుంనొప్పి వచ్చింది. గట్టు ఎత్తు పెంచి, సింకు మార్చి, కింద చెక్క అరలు పెట్టించాలనుకున్నాం. తెలిసినవాళ్లు ఒక బేల్దారి మేస్త్రీని పంపించారు. ఆయన అటూ ఇటూ చూసి రెండు లక్షల ఇరవై వేలన్నాడు. నాన్న బేరమాడీ ఆడీ లక్షా ఎనభైకి దించారు. నెల రోజుల్లో పూర్తి. కాగితం లేదు, లెక్క లేదు. 'తెలిసినవాడే కదా' అని తొంభై వేలు చేతిలో పెట్టేశాం.

వారంలో పాత గట్టు పోయింది. సింకు పోయింది. రెండో వారం కొత్త గట్టు లేచింది. మూడో వారం నుంచి మేస్త్రీ ఫోన్ ఎత్తడం మానేశాడు! రెండు నెలలు అమ్మ వసారాలో స్టవ్ పెట్టుకుని వండింది. గిన్నెలు పెరట్లో కొళాయి దగ్గర కడిగింది. ఈలోపు కొత్త గట్టు మీద సన్నగా పగుళ్లు కూడా వచ్చాయి.

తర్వాత తెలిసింది... ఆయన కూలీలను తీసుకుని బెంగళూరు వెళ్లిపోయాడట. అక్కడ కూలి ఎక్కువ. మన దగ్గర ఒప్పుకున్న రేటుకు పని చేస్తే నష్టమని ఆయనకు మొదటి వారంలోనే అర్థమైంది. కోపం రాకుండా ఉంటుందా? వచ్చింది. కానీ నిదానంగా ఆలోచిస్తే తప్పు ఒక్క వైపే లేదు. గిట్టని రేటుకు ఒప్పుకోవడం ఆయన తప్పు. గిట్టదని తెలిసినా బేరమాడటం, పైగా సగం డబ్బు ముందే ఇచ్చేయడం మా తప్పు.

'నీళ్లు యాన్నుంచి వస్తాయమ్మా?'

రెండోసారి వచ్చిన మేస్త్రీ పెద్దాయన. టేపు తీయలేదు, రేటు చెప్పలేదు. అమ్మను అడిగిన మొదటి ప్రశ్న... 'నీళ్లు యాన్నుంచి వస్తాయమ్మా?'

పని తెలిసినవాడు ఎవరో ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే సీమ మనది. సిమెంటు పనికి ఇసుక, కంకర ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే. కాంక్రీటు వేశాక దాన్ని తడిపి ఉంచాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండా వేడీ ఎక్కువగా ఉండే చోట కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకూ 10 రోజులే లెక్క. మా మొదటి గట్టుకు మూడు రోజులు కూడా సరిగా నీళ్లు కొట్టలేదు. పగుళ్ల రహస్యం అదీ!

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే మరో చిక్కు. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే లోపలి ఇనుము తుప్పు పట్టే ప్రమాదం ఉంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్లను గట్టు పనికి వాడొద్దని పెద్దమేస్త్రీ తేల్చి చెప్పాడు. కలపడానికి మంచి నీళ్లు ఒక ట్యాంకు తెప్పించాం. గట్టు మీద గోనె సంచులు పరిచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాం. సంచి పరిస్తే నీళ్లు తక్కువ పడతాయి, తడి ఎక్కువసేపు నిలుస్తుంది.

అందుకే ఈ సీమలో వంటింటి పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకపోవడం మంచిది. నీళ్ల ఎద్దడి ఒకపక్క, పెళ్లిళ్ల హడావుడి ఇంకోపక్క. దీపావళి దాటాక మొదలుపెడితే ఎండా తగ్గుతుంది, బోరులో నాలుగు నీళ్లూ ఉంటాయి.

ఎవరికి ఇవ్వాలి? ఎలా ఇవ్వాలి?

పని ఇచ్చే పద్ధతులు మూడు. ఒకటి రోజుకూలి. చిన్న మరమ్మతులకు ఇది చాలు. పెద్ద పనికైతే రోజులు సాగుతూనే ఉంటాయి, పైగా పక్కనే ఒకరు నిలబడాలి. రెండోది లేబర్ కాంట్రాక్టు. సామాను మనది, పని వాళ్లది. సామాను కొనే ఓపికా, తెలివిడీ ఉంటే ఇది లాభం. మూడోది సామానుతో సహా గుత్తకివ్వడం. తిరిగే పని తప్పుతుంది. కానీ ఏ సామాను వేస్తారో పేరు, గ్రేడు, మందంతో సహా రాయించుకోకపోతే మిగులు మేస్త్రీది, దిగులు మనది.

ఏ పద్ధతైనా సరే, ఆయన చేసిన రెండు వంటిళ్లు చూడండి. ఒకటి ఈమధ్య చేసింది, ఇంకొకటి రెండేళ్ల కిందట చేసింది. కొత్తదాంట్లో నునుపు తెలుస్తుంది, పాతదాంట్లో పనితనం తెలుస్తుంది. ఆ ఇంటి మగవాళ్లను కాదు, వంట చేసేవాళ్లను అడగండి. సింకు కింద తలుపు తీసి చూడండి. అక్కడ వాసన గానీ, ఉబ్బిన చెక్క గానీ కనిపిస్తే ఇంక అడగాల్సిందేమీ లేదు.

ముగ్గురి దగ్గర రేటు తీసుకోండి. అందరికన్నా తక్కువ చెప్పినవాడికే పని ఇవ్వాలని లేదు. మిగిలిన ఇద్దరూ దాదాపు ఒకే రేటు చెప్పి, మూడోవాడు మరీ తగ్గించాడంటే ఆ తేడా ఎక్కడ మిగుల్చుకుంటాడో అడగాలి. మా అనుభవం చెప్పేది అదే.

అంగుళాల్లో ఉంది ఆరోగ్యం

గట్టు ఎత్తు ఎంతుండాలి? 'అందరికీ ఇంతే పెడతాం' అంటే ఒప్పుకోవద్దు. వంట చేసేవాళ్లు నిలబడి మోచెయ్యి మడిస్తే, ఆ మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉండాలి. అమ్మను నిలబెట్టి కొలిస్తే 32 అంగుళాలు తేలింది. పాత గట్టు 27 అంగుళాలే! ఆ అయిదు అంగుళాలే అమ్మ నడుంనొప్పి.

గట్టు మీద ఏ రాయి? తాడిపత్రి, బేతంచెర్ల బండలు మన పక్కనే దొరుకుతాయి. నేలకూ అరలకూ వాటికి సాటి లేదు. కానీ అవి సున్నపురాయి జాతి. చింతపండు పులుసో, నిమ్మరసమో పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. గ్రానైట్‌కు ఆ బాధ లేదు. మేం గట్టుకు గ్రానైట్ వేయించి, పాత రాతి అరలను అలాగే ఉంచేశాం. ఖర్చూ తగ్గింది, చెదల భయమూ లేదు.

కింద అరలకు ప్లైవుడ్ వేయిస్తే ముద్ర చూడండి. ఐఎస్ 303 అనేది మామూలు వాడకానికి. అందులోనూ ఎంఆర్ రకం తేమకు కొంతే ఆగుతుంది, బీడబ్ల్యూఆర్ రకం మెరుగు. సింకు కింద మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై మంచిది. చెక్కపని కొలత కూడా ముందే తేల్చుకోవాలి. తలుపు ముఖం కొలిచి చదరపు అడుగుకు ఇంత అంటారా, లోపలి పలకలన్నీ కలిపి లెక్కేస్తారా? ఒకే వంటింటికి ఈ రెండు లెక్కలూ ఎంతో తేడా వస్తాయి.

పాత ఇళ్లలో స్తంభాలుండవు, బరువంతా గోడలే మోస్తాయి. వంటిల్లు పెద్దదవుతుందని, ఆగ్నేయం సరిపోతుందని దూలం కింది గోడ కొట్టించొద్దు. వాస్తు పండితుడు చెప్పినా సరే, ఇంజినీరుకు చూపించాకే సుత్తి పట్టాలి. మిక్సీ, గ్రైండర్, ఓవెన్‌లకు వేర్వేరు ప్లగ్గులు, ఎర్తింగ్ గోడకు పూత పూయకముందే పూర్తవాలి. గ్యాస్ సిలిండర్ నిలువుగా, స్టవ్ కన్నా కిందే ఉండాలి.

కాగితం మీద పెడితే...

పెద్దమేస్త్రీకి కాగితం సంగతి చెప్పడానికి నాన్న మొహమాటపడ్డారు. ఆయనే నవ్వి, 'రాయండి సార్, నాకూ మంచిదే. ఆఖర్న ఇది చెప్పినాం, అది చెప్పలేదు అనే పంచాయితీ ఉండదు' అన్నాడు. తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు. అందులో ఉన్నవి ఇవి:

* ఏయే పనులు రేటులో ఉన్నాయి, ఏవి లేవు. పగలగొట్టిన మట్టి ఎవరు ఎత్తిపోయాలో కూడా.
* రాయి, ప్లై, పైపులు, వైర్ల రకం, మందం.
* పని మొదలయ్యే తేదీ, పూర్తయ్యే తేదీ.
* క్యూరింగ్ ఎన్ని రోజులు, నీళ్లు ఎవరు కొట్టాలి.
* మధ్యలో మనం కొత్త పని చెబితే, రేటు రాసుకున్నాకే మొదలుపెట్టాలి.
* డబ్బు విడతలు: అడ్వాన్సు పది శాతం. పగలగొట్టి పైపులు, వైర్లు వేశాక ఇరవై అయిదు. గట్టు, టైల్స్ అయ్యాక ముప్ఫై. చెక్కపని అయ్యాక ఇరవై అయిదు. చివరి పది శాతం, నెల రోజులు వాడి చూశాక.

ఇచ్చిన ప్రతి విడతకూ తేదీతో సంతకం. బ్యాంకు ద్వారా ఇస్తే మరీ మంచిది.

మాట తప్పితే?

ముందు కూర్చుని మాట్లాడాలి. వినకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అదీ కుదరకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇళ్ల నిర్మాణం కూడా 'సేవ' కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. కాకపోతే అక్కడ అడిగే మొదటి మాట 'కాగితం ఏదీ?' అనే. మొదటి మేస్త్రీ విషయంలో మేం నోరు మూసుకున్నది అందుకే.

పెద్దమేస్త్రీ అయిదు వారాల్లో పని ముగించాడు. చెప్పినదానికన్నా వారం ఎక్కువే. కానీ ఆలస్యమవుతుందని ముందే చెప్పాడు, ఎందుకో కూడా చెప్పాడు. ఇరవై రోజుల తర్వాత సింకు కింద బొట్టు బొట్టుగా నీళ్లు కారాయి. ఫోన్ చేస్తే రెండో రోజే వచ్చి కొత్త వాషర్ వేసి వెళ్లాడు.

'మిగిలిన పది శాతం కోసం వచ్చాడంటావా, ఇచ్చిన మాట కోసం వచ్చాడంటావా?' అని అమ్మను అడిగాను. 32 అంగుళాల గట్టు ముందు నిటారుగా నిలబడి పప్పు ఎనుపుతూ అంది...

'రెండింటి కోసమూనేమో. పోయినసారి మనం రెండింట్లో ఒక్కటీ మిగుల్చుకోలేదు కదా!'