పట్నం గడపలో మెట్రో స్టేషను

కరీంనగరు, ఆదిలాబాదు వాళ్ళు పట్నంలో మొదట కాలు పెట్టే చోటు జూబ్లీ బస్‌స్టాండు. చార్మినారు, ట్యాంకుబండు, యూనివర్సిటీ అన్నీ దాని తర్వాతనే. కరీంనగరు నుంచి సిద్దిపేట, శామీర్‌పేట మీదుగా వచ్చే రాజీవ్ రహదారి, ఆదిలాబాదు నుంచి నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్ మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి, రెండూ మన బస్సులను సికింద్రాబాదు కంటోన్మెంటులో ఈ ఒక్క చోటికే చేరుస్తాయి. 2020 ఫిబ్రవరి 7న ఈ బస్‌స్టాండు పక్కనే మన గడపకు ఇంకొక మెట్టు వచ్చి చేరింది. అదే జేబీఎస్ పరేడ్ గ్రౌండు మెట్రో స్టేషను.

మనలో చాలామంది ఆ స్టేషను ఎక్కి దిగి ఉంటారు. కాని అది ఎట్లా వచ్చింది, రోడ్డు మీద అంత ఎత్తున ఎట్లా నిలబడ్డది, లోపల దాని అమరిక అట్లా ఎందుకు ఉన్నది అని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. ఎవరైనా స్టేషను అంటే రైలు ఆగే చోటు అనుకుంటారు. నిజానికి అది ఒక ప్రయాణాన్ని ఇంకొక ప్రయాణం చేతికి అప్పగించే చోటు. ఆ అప్పగింత ఎంత సులువుగా జరిగితే స్టేషను అంత మంచిది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క కొలమానంతోనే నడుస్తుంది.

మనకు బస్సే ఎందుకు దిక్కయింది?

నిజాం కాలంలోనే రైలు మన జిల్లాలకు వచ్చింది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగరుల మీదుగా పోతుంది. కాని కరీంనగరు పట్టణం ఆ దారిలో పడలేదు. పెద్దపల్లి నుంచి కరీంనగరు మీదుగా నిజామాబాదు దాకా రైలుమార్గం పూర్తి కావడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది. ఆదిలాబాదుకు రైలు ఉన్నదన్న మాటే గాని, పట్నం రావాలంటే అది మహారాష్ట్రలోని ముద్ఖేడ్ దాకా పోయి తిరిగి రావాలి. అందువల్ల కాగితం మీద రైలు ఉన్నా, చేతికి అందింది బస్సే.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. మన ఆర్టీసీ పుట్టింది కూడా రైల్వే ఇంట్లోనే. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో అది మొదలయింది. బస్సు, రైలు అప్పుడు ఒకే తల్లి బిడ్డలు. తర్వాత విడిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. జూబ్లీ బస్‌స్టాండు దగ్గర అవి మళ్ళీ పక్కపక్కన నిలబడ్డాయి. కలిసినయా లేదా అన్నది తర్వాత చూద్దాం.

స్టేషను పుట్టుక

రోడ్డు మీద స్తంభాలు నిలిపి రైలు నడపడం కొత్త సంగతి కాదు. అమెరికాలోని షికాగో నగరంలో 1892 నుంచే అట్లాంటి రైలు నడుస్తున్నది. మన దేశంలో కలకత్తా 1984లో భూమి లోపల మెట్రోను నడిపింది. మద్రాసులో 1995లో స్తంభాల మీద నగర రైలు వచ్చింది. 2002లో ఢిల్లీ మెట్రో మొదలయ్యాక మిగతా నగరాలకూ ఆశ పుట్టింది. హైదరాబాదులో 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది గాని, అది పాత రైలు పట్టాల మీద నడిచే బండి. పట్టాలు లేని పేటలకు అది చేరలేదు.

హైదరాబాదు మెట్రోకు మొదట ఒక కంపెనీతో కుదిరిన ఒప్పందం 2009లో రద్దయింది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో కొత్త ఒప్పందం జరిగింది. మూడు మార్గాలు అనుకున్నారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎర్ర మార్గం, నాగోలు నుంచి రాయదుర్గం దాకా నీలి మార్గం, జూబ్లీ బస్‌స్టాండు నుంచి ఫలక్‌నుమా దాకా ఆకుపచ్చ మార్గం. 2017 నవంబరు 28న తొలి 30 కిలోమీటర్లు ప్రారంభమైనాయి. నీలి మార్గంలోని పరేడ్ గ్రౌండు స్టేషను అప్పుడే తెరుచుకున్నది.

మన ఆకుపచ్చ మార్గం మాత్రం అన్నిటికన్న వెనుక వచ్చింది. సుల్తాన్‌బజార్ వ్యాపారులు తమ పాత బజారు దెబ్బ తింటుందన్నారు. పాతబస్తీలో దారి ఎటు పోవాలన్న తగవు వేరే. మార్గం మార్చాలా వద్దా అన్న చర్చలోనే ఏండ్లు గడిచిపోయినాయి. చివరికి 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టాండు నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషను దాకా, దాదాపు 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లతో ఈ మార్గం మొదలయింది. దాంతో మెట్రో పొడవు మొత్తం 69 కిలోమీటర్లయింది. నెలన్నర తిరగకుండనే కరోనా వచ్చి రైళ్ళన్నీ ఆగినాయి. సెప్టెంబరులో గాని మళ్ళీ కదలలేదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వైపు ముక్క అప్పుడు మిగిలిపోయింది. దానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు.

ఒంటి వరుస స్తంభాల మీద మూడంతస్తులు

ఇక కట్టడం సంగతి. మన రోడ్లు ఇరుకు. రెండు వైపులా స్తంభాలు దింపే జాగా లేదు. అందుకని ఈ మెట్రోలో రోడ్డు నడుమ డివైడరులో ఒకే వరుస స్తంభాలు లేపి, వాటి మీద రెండు పట్టాల వంతెన వేశారు. వంతెన ముక్కలను వేరే యార్డుల్లో పోతపోసి, పెద్ద ట్రెయిలర్ల మీద తెచ్చి, రెండు స్తంభాల మధ్య ఇనుప దూలానికి వేలాడదీసి, లోపలి నుంచి ఉక్కు మోకులు బిగించి ఒక్కటిగా చేశారు. రోడ్డు పూర్తిగా మూయకుండ పని నడిపించడానికి ఇది అనువైన పద్ధతి.

ఇందులోని మామూలు స్టేషన్లకు కూడా ఇదే సూత్రం. నడుమ ఒక వెన్నెముక, దానికి రెండు పక్కల రెక్కలు. వెన్నెముక మీద రైలు, రెక్కల మీద ప్లాట్‌ఫారాలు. కింద రోడ్డు రోడ్డుగానే ఉంటుంది. ఇంజనీరింగు విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి పైకి చూడాలి. జనంతో నిండిన రెండు ప్లాట్‌ఫారాల బరువంతా పక్కలకు పొడుచుకొని వచ్చిన దూలాల మీదుగా మధ్య స్తంభానికే చేరుతున్నది.

ఎక్కేటప్పుడు మూడు అంతస్తులు దాటుతాం. మొదటిది నేల. అక్కడ మెట్లు, ఎస్కలేటరు, లిఫ్టు ఉంటాయి. రెండోది నడిమి అంతస్తు, వాళ్ళు దాన్ని కాన్‌కోర్సు అంటారు. టిక్కెట్టు కిటికీలు, సంచుల తనిఖీ, గేట్లు అన్నీ అక్కడే. ఈ అంతస్తును గేట్లు రెండు భాగాలు చేస్తాయి. గేటు బయట ఎవరైనా తిరగవచ్చు, లోపలికి పోవాలంటే టిక్కెట్టు కావాలి. మూడోది ప్లాట్‌ఫారాల అంతస్తు.

ప్లాట్‌ఫారాలు రెండు అంచుల్లో, పట్టాలు నడుమ ఎందుకున్నాయి? పట్టాలు రెండూ ఒకే వంతెన మీద దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి. ప్లాట్‌ఫారం నడుమ పెట్టాలంటే స్టేషనుకు ముందే పట్టాలను విడదీయాలి, ఎక్కువ స్తంభాలు వేయాలి, ఎక్కువ జాగా తీసుకోవాలి. ఇందులో ఖర్చు మిగిలింది గాని ప్రయాణికునికి ఒక ఇబ్బంది తగిలింది. తప్పు వైపు ఎక్కితే పట్టాలు దాటలేం. మళ్ళీ నడిమి అంతస్తుకు దిగి, అవతలి మెట్లు ఎక్కాలి. అందుకే పైకి పోయే ముందే రైలు ఏ చివరికి పోతున్నదో బోర్డు మీద చూసుకోవాలి.

మన కాజీపేట లైనుకూ దీనికీ ఇంకొక తేడా ఉన్నది. అక్కడ పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు, ఇక్కడ 1435. కనుక ఆ బండి ఈ పట్టాల మీద నడవదు, ఈ బండి ఆ పట్టాల మీద నడవదు. కరెంటు మాత్రం రెండింటికీ పై తీగ నుంచే వస్తుంది, 25,000 వోల్టులు. ప్రారంభం నాటి మెట్రో బండికి మూడు పెట్టెలు, రెండు చివర్లా డ్రైవరు గది. అందువల్ల జేబీఎస్ లాంటి చివరి స్టేషనులో బండిని తిప్పే పని లేదు. వచ్చిన తోకే తల అవుతుంది.

ఒక పేరు, రెండు స్టేషన్లు

మార్గాలు కలిసే చోట్లు మూడు. అమీర్‌పేటలోను, ఎంజీబీఎస్‌లోను రెండు మార్గాలు ఒకే కట్టడంలో ఒకదాని మీద ఒకటి పోతాయి. ఒక అంతస్తు మారితే మార్గం మారినట్టే. మన దగ్గర అట్లా కాదు. ఇక్కడ రెండు వేరు వేరు స్టేషన్లు పక్కపక్కన ఉన్నాయి. ఆకుపచ్చ మార్గానిది జేబీఎస్ పరేడ్ గ్రౌండు, నీలి మార్గానిది వట్టి పరేడ్ గ్రౌండు. రెండింటినీ పైన ఒక నడకదారి కలుపుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే. తర్వాతి స్టేషన్లలోనూ అదే తిరకాసు. ఆకుపచ్చ మార్గం మీద సికింద్రాబాద్ వెస్ట్, నీలి మార్గం మీద సికింద్రాబాద్ ఈస్ట్. పేరు చివరి తూర్పు పడమరలు చూడకపోతే పని చెడుతుంది.

మన అవసరాలకు ఈ రెండు మార్గాలు ఎట్లా పనికొస్తాయో చూడండి. ఆకుపచ్చ రైలు ఎక్కితే రెండో స్టేషను గాంధీ దవాఖాన. పాత ముషీరాబాదు జైలు ఉన్న జాగాలో ఇప్పుడున్న ఆ దవాఖానకు మన జిల్లాల నుంచి ఎంతమంది రోగులు పోతారో వేరే చెప్పాల్నా? ఇంకా ముందుకు పోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్సు, చిక్కడపల్లి. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దంతా కూర్చునే నగర కేంద్ర గ్రంథాలయం ఆ పక్కనే. తర్వాత నారాయణగూడ, సుల్తాన్‌బజార్. కోఠి పాత పుస్తకాల దుకాణాలకు అక్కడ దిగాలి. చివరన ఎంజీబీఎస్. ఇరవై నిమిషాల లోపే ఈ చివరి నుంచి ఆ చివరికి చేరవచ్చు.

నీలి మార్గంలో నాగోలు వైపు పోతే మూడో స్టేషను తార్నాక, ఉస్మానియాకు పోయేవాళ్ళు దిగే చోటు. ఇటు రాయదుర్గం వైపు పోతే ఐదో స్టేషను అమీర్‌పేట, కంప్యూటరు కోర్సుల పేట. అదే బండి హైటెక్ సిటీకి పోతుంది. అంటే దవాఖాన, పరీక్ష, చదువు, కొలువు, మన వాళ్ళు పట్నం వచ్చే నాలుగు పనులకూ ఈ గడప నుంచే దారి ఉన్నది.

అప్పగింత ఎక్కడ తప్పుతున్నది?

ఇప్పుడు మన కొలమానం తీసి చూద్దాం. మెట్లు, నిమిషాలు, రూపాయలు. ఈ మూడింటిలో బస్సుకూ రైలుకూ మధ్య ఎంత ఎడం ఉన్నది?

మెట్ల సంగతి. బస్సు నేల మీద ఆగుతుంది, రైలు పై అంతస్తులో ఆగుతుంది. చేతిలో సూట్‌కేసు ఉన్న విద్యార్థికి అది కొద్దిపాటి శ్రమ. ఎక్స్‌రే కవరు పట్టుకొని కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడిచే ముసలమ్మకు లిఫ్టు ఎక్కడున్నదన్నదే అసలు ప్రశ్న. బస్సు దిగిన చోటనే లిఫ్టుకు దారి చూపే పెద్ద తెలుగు బోర్డు ఒక్కటి ఉంటే సగం కష్టం తీరుతుంది.

నిమిషాల సంగతి. ఆదిలాబాదు నుంచి 300 కిలోమీటర్లకు పైగా రాత్రంతా నడిచి వచ్చే బస్సు తెల్లవారకముందే దించుతుంది. మెట్రో తలుపు పొద్దున ఆరు ప్రాంతానికి గాని తెరవదు. ఆ నడుమ గంటల్లో ఆటోవాడు చెప్పిందే రేటు.

రూపాయల సంగతి. 2017లో మెట్రో చార్జీ 10 నుంచి 60 రూపాయల దాకా ఉండేది. 2025 మేలో పెంచి, పైనుంచి కొంత తగ్గించాక 11 నుంచి 69 అయింది. మరోవైపు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. కరీంనగరు నుంచి దాదాపు 160 కిలోమీటర్లు ఉచితంగా వచ్చిన అమ్మాయి మిగిలిన ఐదు కిలోమీటర్లకు మెట్రోలో డబ్బులు పెట్టాలి. లేదా కింద మళ్ళీ సిటీ బస్సు కోసం నిలబడాలి. ఆర్టీసీ విద్యార్థి పాసు కూడా మెట్రో గేటు దగ్గర పనికిరాదు. ఒకే ఇంట్లో పుట్టిన బస్సూ రైలూ పక్కపక్కన నిలబడ్డాయి గాని, ఇంకా పలకరించుకోలేదన్నమాట.

రేపటి స్టేషను

ఈ మాటలు ఇప్పుడే ఎందుకు అంటే, ఈ చోటు మళ్ళీ మారబోతున్నది. జూబ్లీ బస్‌స్టాండు నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు, మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, రెండు కొత్త మెట్రో మార్గాలను రాష్ట్ర ప్రభుత్వం 2025లో రెండో దశలో ప్రతిపాదించింది. ఒకటి కరీంనగరు రోడ్డు, ఇంకొకటి ఆదిలాబాదు రోడ్డు. అవే రెండు దార్లలో పై వంతెన రోడ్లకు 2024 మార్చిలో శంకుస్థాపనలు కూడ జరిగినాయి. ఆ మార్గాలు కట్టిన నాడు ఇప్పటి చివరి స్టేషను నాలుగు దిక్కుల కూడలి అవుతుంది. బహుశా మన బస్సులు శామీర్‌పేట దగ్గరో మేడ్చల్ దగ్గరో ఆగిపోయి, గడపే ఊరి బయటికి జరగవచ్చు.

సిమెంటు గట్టిపడ్డ తర్వాత నడకదారి ఎటు ఉండాలో అడిగి లాభం లేదు. నకాసీ కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. బస్సు దిగిన చోటి నుంచి వాన తడవకుండ లిఫ్టు దాకా దారి, తెలుగులో పెద్ద బోర్డులు, రాత్రి బస్సులకు తగ్గట్టు తొలి రైలు, బస్సుకూ మెట్రోకూ చెల్లే ఒకే విద్యార్థి పాసు. ఈ నాలుగూ గొంతెమ్మ కోరికలు కావు. విద్యార్థి సంఘాలు వినతిపత్రాలు రాయడం కొత్త కాదు. ఈసారి రాసే దాంట్లో ఈ నాలుగు మాటలు కూడ చేర్చితే, మన తర్వాత పట్నం పోయే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఆ గడప తడబడకుండ దాటుతారు.