డొంకదారి, తారురోడ్డు, వెనుక కడ్డీ
(ప్రసంగ పాఠము)

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో ఎద్దుల బండి తోలిన వారందరికిని ఒక సంగతి అనుభవమే. డొంకలో ఒక చక్రము గాడిలోనికి దిగి, రెండవది గట్టు మీద నిలిచినచో, బండి మొత్తము ఒక ప్రక్కకు ఒరగును. ఇరుసు ఎంత వాలిన బండి అంత వాలవలసినదే. అందుకే బండిమీది మనుష్యులు చప్పున ఎత్తు వైపునకు జరిగి కూర్చుందురు.

జీపు వచ్చిన తరువాత ఈ చిక్కు కొంత తీరినది. మన దేశములో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చుట 1940ల చివర మొదలుపెట్టినది. ఆ జీపులో ఇరుసునకును, పై చట్రమునకును నడుమ కమాను కట్టలుండెను. ఇరుసు వాలినను కట్టలు కొంత వంగి, కొంత సాగి, పై భాగమును అంతగా వాలనీయవు. నేడు ఆ కట్టల స్థానమున అనేక వాహనములలో చుట్ట స్ప్రింగులు వచ్చినవి. వానితోపాటు ఆ పాత జీపులో లేని మరియొక భాగమును వచ్చినది. దానిని మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్డు అందురు. మనము కడ్డీ అందము. చేలకు పోవునప్పుడు వెనుక కడ్డీని విప్పుట మంచిదని కొందరును, ప్రమాదమని కొందరును వాదించుచుందురు. రెండు మాటలలోను నిజము గలదు. ఏది ఎక్కడ నిజమో తెలిసికొనుటయే ముఖ్యము.

ఈ కడ్డీ క్రొత్త వస్తువు కాదు. కెనడా దేశీయుడైన స్టీఫెన్ కోల్మన్ 1919లోనే దీనికి పేటెంటు పొందెను. సాగదీసిన లాడము వలె వంగిన ఉక్కు కడ్డీ ఇది. దీని నడిమి భాగము వాహనమునకు అడ్డముగా ఉండును. రెండు కొనలు చిన్న లింకుల ద్వారా కుడి, ఎడమ చక్రముల వైపు ముడిపడి యుండును.

ఇది పనిచేయు తీరు తడిబట్టను పిండుటలో కనబడును. రెండు చేతులను ఒకే వైపునకు త్రిప్పినచో బట్ట పిండబడదు. ఒక చేయి ముందునకు, ఒక చేయి వెనుకకు త్రిప్పినప్పుడే మెలి పడును, చేతికి బిగువు తెలియును. కడ్డీయు అట్లే. రెండు చక్రములు కలిసి మిట్ట ఎక్కినప్పుడు అది ఊరకుండును. ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోయినప్పుడు మాత్రమే మెలిపడి ఎదిరించును. గుండ్రని కడ్డీ బిగువు దాని మందము యొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానమున 22 మిల్లీమీటర్ల కడ్డీ వేసినచో బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లగును.

ఇక తారురోడ్డు సంగతి చూతము. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు 16వ నెంబరు జాతీయ రహదారి మీద వేగముగా పోవు వాహనమునకు హఠాత్తుగా ఏ గేదెయో అడ్డము వచ్చినదనుకొనుడు. డ్రైవరు స్టీరింగు ఒక ప్రక్కకు త్రిప్పి, వెంటనే రెండవ ప్రక్కకు త్రిప్పును. మలుపులో వాహనము పై భాగము వెలుపలి వైపునకు ఒరగును. వెలుపలి స్ప్రింగు నలుగును, లోపలిది సాగును. అప్పుడే కడ్డీ మెలిపడి ఆ ఒరుగును తగ్గించును. వాహనము పైకప్పు మీద మిరప టిక్కీలు కట్టియున్నచో బరువు ఎత్తునకు చేరి ఒరుగు మరింత హెచ్చును. అట్టివేళ కడ్డీ లేకపోవుట చిన్న లోటు కాదు.

డొంకలో అదే గుణము దోషమగును. ఎడమ వెనుక చక్రము గట్టెక్కినది, కుడి వెనుక చక్రము లోతైన గాడిలోనికి దిగవలసి యున్నది. కడ్డీ దానిని పూర్తిగా దిగనీయదు. చక్రము నేలను విడిచి గాలిలో వ్రేలాడును. తాళము పడని సాధారణ డిఫరెన్షియల్ ఉన్నచో గాలిలోని చక్రము గిరగిర తిరుగును, నేలమీది చక్రము కదలదు. కడ్డీ లింకులు విప్పినచో ఆ చక్రము మరికొంత దిగి నేలనంటును, బండి ముందునకు సాగును. 2020లో వచ్చిన రెండవ తరము మహీంద్రా థార్ వంటి వాహనములో ముందు చక్రములు వేటికవి విడిగా ఆడును, వెనుక ఇరుసు మాత్రము ఏకఖండము. ఎక్కువగా వాలగలిగినది ఆ వెనుక ఇరుసే గనుక, విప్పదలచినవారి చూపు వెనుక కడ్డీ మీదనే పడును.

అయితే ఈ లాభము ఏ కాలములోనిదో గమనింపవలెను. నల్లరేగడి బంకమన్ను తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెర్రెలు విచ్చును. వానకాలములో మన్ను టైరు పళ్ల నడుమ నిండి, టైరు నున్నని రోకలి వలె జారును. ఆ జారుడుకు కడ్డీ కారణము కాదు, దానిని విప్పినందున ప్రయోజనమును లేదు. మిరప కోతల నాటికి ఆ గాడులే ఎండి రాయివలె గట్టిపడును. కడ్డీ విప్పినందువలన మేలు కలుగునది అప్పుడే, అదియు మనిషి నడకంత వేగములోనే.

ముందు కడ్డీని ఉంచి వెనుకది విప్పినచో ఒరుగును ఎదిరించు పని అధికముగా ముందు చక్రముల మీద పడును. మలుపులో ముందు టైర్ల పట్టు త్వరగా తరిగి, స్టీరింగు త్రిప్పినంతగా బండి తిరుగక వెలుపలికి సాగును. వెనుకది ఉంచి ముందుది విప్పినచో దీనికి విరుద్ధముగా బండి వెనుక భాగము జారుటకు మొగ్గును. అది సామాన్య డ్రైవరునకు మరింత అపాయకరము. వాహనము జారకుండ కాపాడు ఎలక్ట్రానిక్ ఏర్పాట్లను కూడ కడ్డీ ఉన్నదను లెక్కతోనే తయారీదారులు సరిచేయుదురు.

విప్పుట కష్టమైన పని కాదు, కాని క్రమము తప్పరాదు. వాహనమును సమతల నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. నేల ఎగుడుదిగుడైనచో కడ్డీ మెలిలో ఉండి, నట్టు ఊడిన వెంటనే ఎగిరి చేతికి తగులవచ్చును. జాకీ మాత్రమే ఆధారముగా వాహనము క్రిందికి దూరరాదు. ఒక్క లింకు విప్పినను కడ్డీ పని మానును. అయినను రెండును విప్పి, కడ్డీని బ్రేకు గొట్టమునకు, టైరునకు తగులకుండ గట్టిగా కట్టవలెను. ఇరుసు ఇప్పుడు మునుపటికంటె ఎక్కువ దిగును గనుక, అంత దిగినప్పుడు బ్రేకు గొట్టము బిగియుచున్నదేమో, స్ప్రింగు తన స్థానము నుండి తప్పుచున్నదేమో చూడవలెను. మరల బిగించునప్పుడును సమతలమే కావలెను. లేనిచో రంధ్రములు కలియవు. బిగింపు ఎంత ఉండవలెనో వాహనముతో ఇచ్చిన పుస్తకములో చూచి ఆ మేరకే బిగింపవలెను.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము పానాలో లేదు, మరపులో ఉన్నది. జీప్ రాంగ్లర్ రూబికాన్ వాహనములో 2007 నమూనా నుండి ముందు కడ్డీని ఒక మీటతో విడదీయు ఏర్పాటు గలదు. వేగము పెరిగినచో అది మరల తానే కలియును. తయారీదారులే డ్రైవరు జ్ఞాపకశక్తి మీద పూర్తి భారము వేయలేదన్నమాట. చేతితో విప్పు మన వాహనములకు అట్టి కాపలా లేదు.

ఒక ఇంటి సంగతి ఊహింపుడు. తండ్రి ఉదయము కడ్డీ విప్పి చేనికి పోయివచ్చెను. డొంకలో నెమ్మదిగా నడిచినందున ఆయనకు తేడా తెలియలేదు. సాయంకాలము కుమారుడు అదే వాహనములో తల్లిని, చెల్లెలిని ఎక్కించుకొని గుంటూరు బయలుదేరెను. అతనికి ఎవరును ఏమియు చెప్పలేదు. రహదారి ఎక్కి వేగము హెచ్చించు వరకు అతనికిని అనుమానము కలుగదు. అనుమానము కలుగునప్పటికి మలుపు ఎదుటనే ఉండవచ్చును.

దీనికి ఉపాయము సులభము. విప్పిన నట్లను, బోల్టులను ఒక చిన్న గుడ్డసంచిలో వేసి స్టీరింగు చక్రమునకే కట్టవలెను. అది చేతికి అడ్డము తగులుచున్నంతవరకు బండి తారురోడ్డు ఎక్కరాదు. ఆ మాట వాహనము తోలు వారికే గాక, ఇంటనున్న వారందరికిని తెలియవలెను. తరచు విప్పవలసిన అవసరము లేనివారు కడ్డీని ముట్టకుండుటయే మేలు. డొంకలో చక్రము గాలిలో తేలినచో దిగి, నాలుగు రాళ్లు ఏరి గాడిలో వేసినచో బండి కదలును. రహదారి మలుపులో దిగి రాళ్లు వేయు వ్యవధి ఎవరికిని ఉండదు.