ఉల్లాసపు గుళికలు

పొన్నూరు, నిడుబ్రోలు ప్రాంతముల రైతులు మాగాణిని అమ్మియైనను బిడ్డలను హైదరాబాదు, బెంగుళూరు నగరములకు చదువులకై పంపుచున్నారు. ఆ నగరముల రాత్రివిందులలో చేతులు మారుచున్న కృత్రిమ మాదకద్రవ్యములను గూర్చి ఈ తల్లిదండ్రులకు తెలియవలసినంత తెలియుటలేదని మా అభిప్రాయము. సారాయి త్రాగినవానిని వాసనయే పట్టియిచ్చును. గుళిక మ్రింగినవాని నోట వాసన యుండదు.

2017 జూలైలో హైదరాబాదున ఆబ్కారీశాఖవారు ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఎ. వ్యాపారమును పట్టుకొన్నప్పుడు లోకము సినిమాతారల పేర్లు లెక్కించుటలో మునిగినది. ఆ వ్యవహారమున బడిపిల్లల ప్రసక్తియు వచ్చినదని ఎందఱికి జ్ఞాపకమున్నది?

ఎం.డి.ఎం.ఎ. 1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీ రసాయనశాలలో పుట్టినది. మెదడునందలి సెరటోనిన్ అను పదార్థపు నిలువలను అది ఒక్కుమ్మడిగా వెలికి దోలును. కొన్నిగంటలు అలసట తోపదు, దాహము తెలియదు. పిదప దినములకొలది మనస్సు క్రుంగును. అంతకంటె ఘోరమైనది శరీరతాపము. జనసమ్మర్దముగల గదిలో ఎడతెగక నర్తించువాని తాపము 41 డిగ్రీలు దాటవచ్చును. అప్పుడు కండరములు చితికి, మూత్రపిండములు చెడును. తాపమునకు వెఱచి అదేపనిగా నీరు త్రాగించుటయు ప్రమాదమే. ఈ మందు మూత్రమును బిగబట్టును గనుక రక్తమునందలి లవణము పలుచనై మెదడు వాచును. 1995లో ఇంగ్లండున పదునెనిమిదేండ్ల బాలిక యొకతె ఇట్లే మరణించినది.

పైగా ఆ గుళికలో నున్నది ఎం.డి.ఎం.ఎ. యే యని నమ్మకము లేదు. చవుకయైన మెఫెడ్రోను కావచ్చును, మఱియొకటి కావచ్చును. పేరుచీటి లేని పురుగుమందును మిరపతోటపై చల్లుటకు తండ్రి జంకును. కుమారుడు పేరులేని మందును కడుపులో వేసికొనుచున్నాడు!

తోడివారు పోలీసులకు వెఱచి, తండ్రి పరువునకు వెఱచి వైద్యుని యొద్ద నిజము దాతురు. ఈ ఆలస్యమే ప్రాణాంతకము. ఒళ్లు కాలుచు, దవడలు బిగిసి, మాట తడబడువానిని చల్లనిచోటికి చేర్చి వెంటనే 108కి ఫోను చేయవలయును. మ్రింగినదేదో వైద్యునికి చెప్పవలయును. వ్యసనము ముదిరినవారి విషయమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమే ఒక ద్వారము తెఱచియుంచినది. స్వల్పపరిమాణపు నేరము మోపబడిన వ్యసనపరుడు ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలో స్వచ్ఛందముగా చికిత్స పొందినచో, 64ఏ సెక్షను అతనిని విచారణ నుండి తప్పించుచున్నది. అమ్మకముదారునకు ఈ రక్షణ లేదు, ఉండరాదు. చికిత్స ఎచ్చట దొరకునో 14446 నంబరునకు ఫోను చేసిన చెప్పుదురు.