కెథీడ్రల్ అను మాట వెనుక

ఎత్తైన గోపురముగల పెద్ద చర్చి కనిపించినంతనే దానిని కెథీడ్రల్ అనుట మనలో పలువురకు అలవాటు. కట్టడపు వైశాల్యమునుబట్టి ఆ పేరు వచ్చినదని తలంచుట సహజమే. కాని ఆ మాటకు కొలతలతో పనిలేదు. దానికి మూలము ఒక ఆసనము. ఆ సంగతినే మేమిచట వివరింపగోరుచున్నాము.

గ్రీకు భాషలో ‘కథెద్ర’ యనగా కూర్చుండు పీఠము. లాటిన్ భాష ఆ మాటను గ్రహించి, గురువు ఉపదేశించు పీఠమునకును వాడుకొన్నది. పూర్వకాలమున బోధకుడు కూర్చుండి చెప్పెడివాడు. ఆది క్రైస్తవ సంఘములలో బిషప్ కూర్చుండి బోధించు ఆసనము ఆయన అధికారమునకు చిహ్నమయ్యెను. ఆ ఆసనమున్న ఆలయమే కెథీడ్రల్. ఇటలీలోని రవెన్నా నగరమున, ఆరవ శతాబ్దినాటి ఆర్చిబిషప్ మాక్సిమియనుని దంతపు పీఠము నేటికిని భద్రముగా నున్నది. ఇంగ్లీషులో కుర్చీకి వాడు ‘చైర్’ అను మాటయు ఫ్రెంచి మీదుగా దీనినుండియే వచ్చినది. విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని ‘చైర్’ అనుటలో గురుపీఠమను పాత అర్థము ఇంకను నిలిచియున్నది.

ఇది తెలిసినచో కొన్ని చిక్కులు విడిపోవును. రోములోని సెయింట్ పీటర్స్ ఎంత బృహత్తరమైనదైనను ఆ నగరమునకు కెథీడ్రల్ కాదు. పోపు రోమునకు బిషప్. ఆ హోదాలో ఆయన పీఠము లాటరన్‌లోని సెయింట్ జాన్ ఆలయమున నున్నది. పాత గోవాలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయమున్న బామ్ జీసస్ ఆలయము బసిలికా. అనగా పోపు ఒసగిన గౌరవనామము గలది. కెథీడ్రల్ మాత్రము దాని సమీపముననున్న సే ఆలయము.

మన మెదక్ చర్చి చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము. రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో నిర్మితమైన ఆ ఆలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. దానిని కట్టిన వెస్లియన్ మెథడిస్టు మిషనులో నాడు బిషప్ పదవియే లేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, మెదక్‌నకు బిషప్ వచ్చిన పిమ్మటనే ఆ పేరు దానికి సార్థకమైనది. గోడలు అవియే, గోపురమును అదియే. క్రొత్తగా వచ్చినది పీఠము.

పీఠము, పీఠాధిపతి యను మాటలు మనకు క్రొత్తవి కావు. తెలుగు కతోలికులు బిషప్ పాలించు ప్రాంతమును ‘మేత్రాసనము’ అందురు. అందును ఆసనమే కలదు. గోపురము దూరమునుండి మనలను పిలుచును. ఆలయమునకు పేరిచ్చునది మాత్రము లోపల, బోధించు బాధ్యతకు గుర్తుగా నున్న ఆ ఆసనమే.