పోస్టులో పాఠాలు... ఊళ్ళో సాధన
రేడియో, టీవీ వార్తల పనికి ఇంటి నుంచే చదువు

పొద్దున పొలానికి నీళ్ళు పెట్టి వచ్చి, రాత్రికి పుస్తకం పట్టుకుని రేడియో, టీవీ వార్తల పనికి తయారు కావచ్చునా? డిగ్రీ పూర్తిచేసి ఇంటిపట్టున ఉన్న యువకులు, పెళ్ళయి చదువు ఆపేసిన ఆడపడుచులు అడుగుతున్న ప్రశ్న ఇది. తప్పకుండా కావచ్చు. అయితే దూరవిద్య సగం పనే చేస్తుంది. మిగతా సగం మన నోటితో, మన చెవితో, మన కాళ్ళతో చేసుకోవలసిందే. ఈ సంగతి తెలియకుండా ఫీజు కడితే చేతికి సర్టిఫికెట్టు వస్తుంది గాని పని రాదు.

చూసిన పల్లెలే మాట్లాడాయి

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించిన 'సైట్' ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో జరిగింది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అప్పుడు పల్లె జనం చూసేవారే. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. దానిని నడిపినవారు దళిత మహిళలు. పెద్ద చదువులు లేకపోయినా రికార్డు చేయడం, కత్తిరించి అతకడం చేతులతో చేసి నేర్చుకున్నారు. ఈ విద్యలో సాధనకు ఎంత విలువ ఉన్నదో చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

చదువు ఎక్కడ?

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. ఇగ్నోలో డిగ్రీ పాసైనవారికి జర్నలిజం పి.జి. డిప్లొమా ఉన్నది. కనీస కాలం ఒక ఏడాది. ఇంట్లో కూర్చుని రాసి పంపే అసైన్‌మెంట్లు, చివర రాతపరీక్ష ఉంటాయి. చేరే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: పాఠాలు ఏ భాషలో ఉంటాయి, దగ్గరి అధ్యయన కేంద్రం ఎక్కడ, చేతితో చేసి చూపే పని ఎంత.

నోటికి సాధన

పత్రికకు రాసినట్టు రేడియోకు రాస్తే కుదరదు. చదివేవాడికి అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు. అందుకే ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పాలి. 'పైన పేర్కొన్న', 'ఈ కింది' అనే మాటలు పనికిరావు. 'రెండు లక్షల తొంభై ఏడు వేల నాలుగు వందల' అనడంకంటే 'సుమారు మూడు లక్షల' అంటే చెవికి ఎక్కుతుంది.

రోజూ పావుగంట పత్రిక పైకి చదివి, సెల్‌ఫోనులో రికార్డు చేసుకుని వినండి. శ, ష, స తేడా వినపడుతున్నదా? ళ, ణ పలుకుతున్నాయా? ఒత్తులు జారుతున్నాయా? మొదటిరోజు మన గొంతు మనకే నచ్చదు. దానికి వెరవనక్కరలేదు. గడియారం పెట్టుకుని, ఇచ్చిన నిమిషాలకు సరిగ్గా ముగించడం అలవాటు చేసుకోవాలి. ఫ్యాను ఆపి, కిటికీలకు బొంతలు కడితే ఇంటి గది కూడా రికార్డింగుకు పనికివస్తుంది.

కాళ్ళకు పని ఊళ్ళోనే ఉన్నది. గ్రామసభకు, మార్కెట్ యార్డుకు వెళ్ళి, జరిగిన విషయాన్ని ఒక్క నిమిషం వార్తగా చెప్పి చూడండి. పత్తి ధర ఎంతో రాసుకుంటే సరిపోదు. రైతు, వ్యాపారి ఇద్దరినీ అడగాలి. ఇరుపక్షాల మాటా విన్నప్పుడే అది వార్త అవుతుంది.

కొలువు సంగతి

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆకాశవాణికి జిల్లాలలో పార్ట్‌టైమ్ విలేఖరులు ఉంటారు. ఆ ప్రకటనలలో సాధారణంగా జర్నలిజం డిగ్రీ లేదా పి.జి. డిప్లొమా గాని, డిగ్రీతోపాటు అనుభవం గాని అడుగుతారు. జిల్లా కేంద్రానికి దగ్గరలో నివాసం ఉండాలంటారు. ఇది పర్మనెంటు ఉద్యోగం కాదు. ప్రాంతీయ వార్తా విభాగాలలో అవసరాన్నిబట్టి పిలిచే న్యూస్‌రీడర్లకు రాతపరీక్ష, స్వర పరీక్ష రెండూ ఉంటాయి. ఇంగ్లీషులో వచ్చిన వార్తను అప్పటికప్పుడు తెలుగు చేయగలగాలి. కాబట్టి గొంతు బాగుంటే చాలదు, ఇంగ్లీషు కూడా చదువుకోవాలి.

ఫీజు కట్టే ముందు

'ఆరు నెలల్లో యాంకర్, ఉద్యోగం గ్యారంటీ' అని గోడల మీద కనిపించే మాటలకు తొందరపడి డబ్బు కట్టవద్దు. దూరవిద్య డిగ్రీ, డిప్లొమాలకు యు.జి.సి. దూరవిద్యా విభాగం గుర్తింపు ఉండాలి. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నదంటే సరిపోదు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే సంవత్సరానికి ఉన్నదా అన్నది చూడాలి. ఫీజు విశ్వవిద్యాలయానికే నేరుగా కట్టి, రసీదు తీసుకోవాలి. మధ్యవర్తి చేతిలో పెట్టిన సొమ్ము తిరిగి రాబట్టడం కష్టం. ఆ సొమ్ము చాలా ఇళ్ళలో ఒక పంట మీద వచ్చిన రాబడి అన్నది మరువరాదు.

ఊరి కష్టసుఖాలు ఊరివాడికి తెలిసినంతగా పట్నం నుంచి వచ్చినవాడికి తెలియవు. చెరువు గండిపడితే మొదట తెలిసేది మీకే. ఆ సంగతిని నలుగురికీ అర్థమయ్యేట్టు, తప్పు లేకుండా, నిమిషంలో చెప్పగలిగితే చదువు సగం అబ్బినట్టే. మిగతా సగం పుస్తకంలో ఉన్నది.