కంట్రోల్ దుకాణం: కార్డున్నవాళ్ళు, లేనివాళ్ళు

2020 ఏప్రిల్‌లో ఇక్కడ అమెరికాలో ఫుడ్ బ్యాంకుల ముందు కార్లు బారులు తీరాయి. అదే నెల కరీంనగర్‌లో మనవాళ్ళు సంచులు పట్టుకుని, సున్నంతో గీసిన వలయాల్లో కంట్రోల్ దుకాణం ముందు నిలబడ్డారు. పేరు వేరైనా పని ఒకటే.

ఆ మార్చి మధ్యలో కరీంనగర్‌కు వచ్చిన ఒక విదేశీ బృందంలో కరోనా బయటపడింది. ముకరంపుర చుట్టూ దారులు మూసి ఇంటింటి సర్వే చేశారు. మార్చి 22న రాష్ట్రమంతటికీ లాక్‌డౌన్ ప్రకటించిన పూటే, ఆహార భద్రత కార్డున్న 87.59 లక్షల కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితమని, ఇంటికి 1,500 రూపాయలని ప్రభుత్వం చెప్పింది. ఖాతా లేనివాళ్ళు ఆ డబ్బు పోస్టాఫీసులో తీసుకున్నారు. అప్పట్లో మామూలు నెలల్లో మనిషికి ఆరు కిలోలే ఇచ్చేవాళ్ళు, అదీ కిలో రూపాయికి. నలుగురున్న ఇంటికి ఈసారి 48 కిలోలు, అంటే ఇంచుమించు నిండు బస్తా. డీలరు, కాంటా, కార్డుల జాబితా ఊరూరా ముందే ఉన్నాయి కాబట్టే ఇంత బియ్యం ఇళ్ళకు చేరింది.

ఆ బస్తా వచ్చిన దారి చూడండి. శ్రీరాంసాగర్ నీళ్ళకు పండిన వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా అయి, మిల్లులో బియ్యమవుతాయి. మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీల్లో చాలామంది బిహారీలు. వాళ్ళకు ఇక్కడి కార్డు ఉండదు. మార్చి నెలాఖరున వలస కూలీలకూ 12 కిలోలు, 500 రూపాయలు ప్రకటించారు. అయినా 44వ జాతీయ రహదారి మీద నిర్మల్, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వైపు నడక ఆగలేదు. నడిచేవాడికి బియ్యం బరువు. కావలసింది వండిన అన్నం. అదే దారిలో, నది దాటాక, యవత్మాల్ జిల్లా కరంజి దగ్గర 81 ఏళ్ళ బాబా కర్నైల్ సింగ్ ఖైరా రేకుల కప్పు కింద లంగర్, అంటే ఉచిత భోజనశాల, నడిపారు. పది వారాల్లో 20 లక్షల మంది అక్కడ తిన్నారని పత్రికలు రాశాయి.

ఇంకోవైపు, మే 8న బిహార్ నుంచి వచ్చిన రైలు లింగంపల్లిలో ఆగింది. రెండు వందల మందికి పైగా హమాలీలు దిగి మన రైస్‌మిల్లుల బాట పట్టారు. అప్పటికి యాసంగి వడ్లు కుప్పలు పడి ఉన్నాయి.

మన సంఘం ఊరికి సాయం పంపేటప్పుడు కార్డున్న ఇంటికే ఇంకో సంచి ఇచ్చి ఫొటో దిగడం సులువు. అంతకన్నా ముందు డీలరుకు ఒక ఫోన్ చేద్దాం: “అన్నా, కార్డు లేదని ఎవ్వల్ని వాపస్ పంపినవ్?”