కొలతలు మారినా మారనిది

పట్టణాల్లో చదువుకొని సెలవులకు ఇల్లు చేరే మన యువతీయువకుల నోట ఒక మాట తరచుగా వింటున్నాము. "అంతా సాపేక్షమేనని ఐన్‌స్టీన్ రుజువు చేశాడు. మంచీ చెడూ కూడా ఎవరి కొలత వారిదే." తల్లిదండ్రులు జవాబు తోచక ఊరకుంటారు. ఆ శాస్త్రవేత్త నిజముగా చెప్పినదేమిటో చూద్దాము.

1905లో, 26 ఏళ్ల వయస్సులో, ఆయన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతమును ప్రకటించాడు. దాని ప్రకారము మన ఎదుట మిక్కిలి వేగముగా సాగిపోయే వస్తువు పొడవు, అది సాగే దిశలో, మన కొలతకు తగ్గుతుంది. ఎత్తు, వెడల్పు తగ్గవు. అర కిలోమీటరు పొడవున్న రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోతే ఆ తగ్గుదల ఒక పరమాణువంత కూడా ఉండదు. కాంతి వేగములో 87 శాతము అందుకోగలిగితే అదే రైలు మనకు పావు కిలోమీటరే. లోపల కూర్చున్నవారికి మాత్రము రైలు ఎప్పటిలాగే ఉంటుంది. వారి కొలతకు మన ప్లాట్‌ఫారమే కురచ!

ఇది ఊహ కాదు. సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున మ్యూయాన్లు అనే సూక్ష్మకణాలు పుడుతుంటాయి. వాటి సగటు ఆయుష్షు సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 2.2 భాగాలే. ఆ కాస్తలో కాంతి వేగముతో వచ్చినా 660 మీటర్లే రాగలవు. అయినా సెకనుకు ఇంచుమించు ఒకటి మన అరచేతిని దాటిపోతున్నది. ఎలాగు? కాంతి వేగములో 99.94 శాతముతో వచ్చే మ్యూయాను కొలతకు ఆ 15 కిలోమీటర్లు అర కిలోమీటరే. మన కొలతకు దూరము తగ్గదు గాని, దాని ఆయుష్షు సుమారు 29 రెట్లు పెరుగుతుంది. వేగము ఎక్కువైన కొద్దీ ఈ కణాల ఆయుష్షు పెరుగుతుందని బ్రూనో రోసీ, డేవిడ్ హాల్ 1941లో ప్రయోగముతో చూపారు.

ఒక సంగతి గమనించాలి. లెక్కలు రెండైనా మ్యూయాను నేలను చేరిందన్న నిజము ఒక్కటే. కాంతి వేగము, సెకనుకు 2,99,792 కిలోమీటర్లు, ఎవరు కొలిచినా ఒక్కటే. ఆ మారని పునాది మీదనే సిద్ధాంతమంతా నిలిచింది.

అది పొడవును, కాలమును గూర్చిన సిద్ధాంతము. మంచిచెడులను గూర్చి అది ఏమియు చెప్పదు. కూలివాని కూలి ఎగవేయుట ఏ రైలులో కూర్చున్నవానికైనా అన్యాయమే. కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డలు ఇలాంటి మాటతో వచ్చినప్పుడు గద్దించకండి. కూర్చోబెట్టి, ఆ పాఠము పూర్తిగా చెప్పమనండి. సృష్టిని గూర్చిన సత్యము సృష్టికర్తను నమ్మినవారిని భయపెట్టదు.